చీర కొన్నారు సరే, జాకెట్టు ఎప్పుడు కుట్టిస్తారు?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 41 ఏళ్లు. ఏలూరు దగ్గర ఒక జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలిని. రోజూ బస్సులో వెళ్లివస్తాను. బీరువా తలుపు తీస్తే చీరలు మీద పడేంతగా ఉన్నాయి. అయినా పొద్దున ఏడున్నరకు కట్టుకోవడానికి ఒక్కటీ కనిపించదు. తిప్పి తిప్పి అవే ఏడెనిమిది కడుతున్నాను. ఈ ఆషాఢంలో కళాశాలకు రెండు నూలు చీరలు కొందామని విజయవాడ వెళ్లి, ఐదు గంటలు తిరిగి, ఆరు చీరలూ రెండు కుర్తీలూ తెచ్చాను. వాటిలో నూలు చీర ఒక్కటీ లేదు. మావారు ఏమీ అనలేదు కానీ, ఆ నవ్వు చూస్తే అన్నట్టే ఉంది. తక్కువ సమయంలో, నిజంగా కట్టుకునేవి మాత్రమే కొనడం ఎలాగో చెప్పండి.
– పేరు వద్దు, ఏలూరు జిల్లా

సమాధానం: ఆ ఆరు చీరలూ ఇప్పుడు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. ఇంకా దుకాణం వాళ్లిచ్చిన సంచిలోనే ఉన్నాయంటే మీ చిక్కు ఏమిటో నాకు అర్థమైనట్టే. మీరు తెచ్చినవి సగం చీరలే. మిగతా సగం దర్జీ దగ్గర, ఫాల్ కుట్టే ఆవిడ దగ్గర, మ్యాచింగ్ సెంటరులో ఉండిపోయింది. జాకెట్టు కుట్టించి, ఫాల్ వేయించి, రంగు కలిసే లంగా కొనేదాకా అది కట్టుకునే చీర కాదు, మీకు ఇంకో నాలుగు పనులు చెప్పే గుడ్డ. అలాంటి పనులు ఒక బీరువా నిండా పోగేసుకుని, పొద్దున ఏడున్నరకు దాని ముందు నిలబడితే ఏం కనిపిస్తుంది?

ఇది నా అనుభవమే. నేరేడు పండు రంగు పట్టుచీర ఒకటి ఎంతో ఇష్టపడి కొన్నాను. దాంతో వచ్చిన జాకెట్టు ముక్క నాకు నచ్చలేదు. చీర వెంట తీసుకెళ్లకుండా, గుర్తున్న రంగును నమ్ముకుని మ్యాచింగ్ సెంటరులో ముక్క తెచ్చాను. ఇంటికొచ్చి పక్కన పెట్టి చూస్తే అది వంకాయ రంగు. మళ్లీ వెళదాం అనుకునేలోపు పండగ అయిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లు ఆ చీర మడత విప్పలేదు. విప్పిన రోజు చూస్తే మడత పడ్డచోట జరీ నల్లబడి, పట్టు చిట్లి ఉంది. ఒక్కసారి కూడా కట్టకుండానే పాతదైపోయింది. ముక్క మార్చుకుని రావడానికి అరగంట పట్టేది.

అందుకే కొనడం సంగతికి ముందు బీరువా సంగతి చూద్దాం. ఒక ఆదివారం చీరలన్నీ మంచం మీద వేయండి. రంగుల వారీగానో, పట్టు ఒకచోట నూలు ఒకచోట అనో సర్దకండి. అలా సర్దితే అందంగా ఉంటుంది, అంతే. ఒక్కో చీర చేతిలోకి తీసుకుని, "దీన్ని ఎందుకు కట్టడం లేదు?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి కుప్పలు వేయండి. జాకెట్టు కుట్టించలేదు. జాకెట్టు ఉంది కానీ పట్టడం లేదు. ఫాల్ లేదు. ఉతకడానికి బయటికివ్వాలి. అంచు మెడ దగ్గర గుచ్చుకుంటుంది. పిన్ను పెట్టినా జారిపోతుంది. ఎవరో పెట్టింది. వీటిలో అన్నింటికన్నా ఎత్తుగా లేచేది జాకెట్టు కుప్పే. ఇప్పటివరకు నేను చూసిన ఏ బీరువాలోనూ ఇది తప్పలేదు.

పట్టని జాకెట్టును లోపలివైపుకు తిప్పి పక్క కుట్లు చూడండి. మంచి దర్జీ అయితే ఒక్కో పక్కన అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపలికి మడిచి వదిలి ఉంటాడు. లోపల రెండు మూడు వరసల కుట్లు కనిపిస్తాయి. ఒక వరస విప్పితే చాలు, ఎనిమిదేళ్ల నాటి జాకెట్టు మళ్లీ పడుతుంది. అలా మీకు నాలుగైదు చీరలు ఖర్చు లేకుండా తిరిగొస్తాయి. లోపల గుడ్డ వదలకపోతే ఆ జాకెట్టుకు నమస్కారం పెట్టి ముందుకు సాగండి. సన్నబడ్డాక వేసుకుందాం అని మాత్రం దాచకండి. నేను దాచాను, అందుకే చెబుతున్నాను.

ఇంకో మాట. మీ ఆది జాకెట్టు ఏ సంవత్సరానిది? చాలామంది పదేళ్ల కిందటి ఆదినే దర్జీకి ఇచ్చి, కొత్త జాకెట్టు బిగుతైందని ఆయన్ని తిడతారు. ఈ ఆదివారం మీకు ఇప్పుడు హాయిగా ఉన్న జాకెట్టు ఏదో తేల్చి, దాన్నే ఆదిగా పెట్టుకోండి. అంటే ఈ నెల మీరు డబ్బు ఖర్చు పెట్టాల్సింది బట్టల దుకాణంలో కాదు, దర్జీ దగ్గర. ఒకేసారి పాతిక ఇస్తే శ్రావణమాసం పెళ్లిళ్ల రద్దీలో మీ మూట అడుగున పడుతుంది. ఐదైదు చొప్పున ఇవ్వండి. నలుపు, మెరూన్, గంధం రంగు, ముదురాకుపచ్చ – ఈ నాలుగు రంగుల్లో సాదా జాకెట్లు ఉంటే మీ నూలు చీరల్లో ఎన్నింటికి సరిపోతాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. చీర రంగే జాకెట్టుకూ ఉండాలన్న పట్టుదల మా అమ్మల కాలంతోనే పోయింది.

ఇక "ఎవరో పెట్టింది" అన్న కుప్ప. దీన్ని ఏ సలహాలోనూ ఎవరూ ముట్టుకోరు కానీ, మన ఇళ్లలో బీరువా బరువులో మంచి భాగం పెట్టుబడి చీరలదే. గృహప్రవేశాలకు, ఓణీల వేడుకలకు, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు చేతిలో పెట్టినవి. మీరు కోరుకున్నవి కావు, కొన్నవీ కావు. పోనీ పడేద్దామంటే చేతులు రావు. ఇవి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుస్తూ ఉంటాయని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అందులో తప్పు కూడా లేదు. కాకపోతే ఒక చిన్న కాగితం మీద "ఫలానా వాళ్లు, ఫలానా గృహప్రవేశం" అని రాసి మడతలో పెట్టండి. లేకపోతే పెట్టినవాళ్లకే తిరిగి పెట్టే ప్రమాదం ఉంది. మా బంధువుల్లో ఒకావిడకు ఇది జరిగింది. ఆవిడ పెట్టిన చీరే మూడేళ్లకు ఆవిడ చేతికే వచ్చింది, పిన్నుతో సహా. ఇచ్చేటప్పుడు ఆ కాగితం తీసేయడం కూడా గుర్తుంచుకోండి. కట్టాలనిపించినవి రెండు మూడు ఉంచుకుని మిగతావి ఒక పెట్టెలో వేరుగా పెట్టేయండి. అవి మీ బట్టలు కావు, ఇంటి సరుకు.

ఇప్పుడు లెక్క. మీరు నెలకు 24 రోజులు కళాశాలకు వెళతారు అనుకుందాం. గుడికో, ఫంక్షనుకో వెళ్లేవి రెండు మూడు రోజులు. మీ బీరువాలో ఇదే లెక్క ఉందా, తిరగబడి ఉందా? కళాశాలకు కట్టగలిగేవి ఎనిమిది, ఫంక్షన్లకు యాభై అని తేలితే దుకాణంలో మీ చేయి ఎటు పోతోందో తెలిసినట్టే. పెళ్లి చీర చూడటంలో ఉన్న సంతోషం బస్సులో కట్టుకెళ్లే చీర చూడటంలో ఉండదు. అందుకే రెండు నూలు చీరల కోసం వెళ్లి ఆరు మెరుపులు తెచ్చారు. వారానికి ఆరు రోజుల చొప్పున రెండు వారాలకు సరిపోను 12 ఉంటే చాలు. ఎనిమిది ఉన్నాయి కనుక కావాల్సింది నాలుగు. అందులో రెండు ఆ జాకెట్టు కుప్పలోంచే వస్తాయని నా నమ్మకం. చివరికి కొనాల్సింది మీరు ముందు అనుకున్న ఆ రెండే.

ఆషాఢం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ నెలలో మనకు పెళ్లిళ్లు ఉండవు. దుకాణాలు ఖాళీగా ఉంటాయి. శ్రావణానికి కొత్త సరుకు దింపాలంటే పాతది కదలాలి, అందుకే తగ్గింపులు. అంటే ఆ కుప్పల్లో ఉన్నవి చాలావరకు మీకంటే ముందు వందమంది చూసి వద్దనుకున్నవి. వాళ్లకు నచ్చనిది మీకు నచ్చకూడదని కాదు. కానీ "సగం ధర" అన్న కాగితాన్ని తీసేస్తే ఆ చీర మీరు చేతిలోకి తీసుకునేవారా? నేనైతే ఆషాఢంలో లంగాలు, జాకెట్టు గుడ్డలు, తువ్వాళ్లు, దుప్పట్లు, పంచెలు కొంటాను. వాటిలో కిందటేడాది రంగు, ఈ ఏడాది రంగు అని ఉండదు. తప్పకుండా వాడతాం.

దుకాణానికి వెళ్లేది పనిదినం అయితే మంచిది, పొద్దున తెరిచిన వెంటనే అయితే మరీ మంచిది. కడుపు నిండా తిని వెళ్లండి. వెంట ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ మొహమాటపడకుండా చెప్పేవారు కావాలి. లోపలికి వెళ్లి "చీరలు చూపించండి" అన్నారంటే మీ ఐదు గంటలు అక్కడే మొదలైనట్టు. పరుపు మీద ఒకదాని మీద ఒకటి నలభై పరుస్తారు. పది దాటాక కన్ను చీరను మీ ఒంటి మీద ఊహించుకోవడం మానేసి, పక్క చీరతో పోల్చడం మొదలుపెడుతుంది. అన్నింటిలో మెరిసేదే గెలుస్తుంది. అది మీ తరగతి గదికి పనికొస్తుందా లేదా అన్న ప్రశ్న ఆ పరుపు మీద ఎక్కడా ఉండదు. దానికి బదులు కూర్చునే ముందే చెప్పండి: "నూలు, ఇంట్లో ఉతుక్కునేది, ముదురు రంగు, చిన్న అంచు, 1,500 లోపు, రెండు కావాలి." ఇలా చెబితే సేల్స్‌మెన్ విసుక్కోరు, సంతోషిస్తారు. వాళ్లకూ నలభై చీరలు మళ్లీ మడతపెట్టే పని తప్పుతుంది. నచ్చినవి మూడు పక్కన పెట్టించి, మిగతావి మడిచేయమనండి. పరుపు ఖాళీ అయ్యాక ఆ మూడింటినే చూడండి.

చూడటం అంటే దీపాల కింద కాదు. ఆ తెల్లని లైట్ల కింద ముదురు నీలం నల్లగా, బూడిద రంగు వెండిలా కనిపిస్తాయి. చీర పట్టుకుని గుమ్మం దాకా రండి. ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత కొంగు దగ్గర ఒక పిడికెడు గుడ్డను గట్టిగా పట్టి, పది లెక్కపెట్టి వదలండి. అందులో పడిన ముడతలు బస్సు దిగేసరికి మీ ఒడిలో కనిపించేవే. అవి పరవాలేదనిపిస్తే తీసుకోండి. చేతిరుమాలు మూల కాస్త తడిపి ముదురు రంగు అంచు మీద రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. భుజం మీద వేసుకుని ఒకసారి కూర్చుని లేవండి. పాఠం చెబుతూ బోర్డు మీద రాసేవారు కదా, చేయి పైకెత్తి కూడా చూడండి. గుచ్చుకునే జరీ అక్కడే చెప్పేస్తుంది.

డబ్బు కట్టే ముందు చివరి ప్రశ్న: దీని మీదికి ఇంట్లో ఏ జాకెట్టు ఉంది? జవాబు రాకపోతే చీర ధర చీటీ మీద ఉన్నది కాదు అసలు ధర. మా వీధి లెక్క చెబుతాను. చీర 1,200. ఫాల్, పీకోకు 130. లైనింగ్ గుడ్డ 100. లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 450. మొత్తం 1,880. దర్జీ చుట్టూ రెండుసార్లు తిరగడం వేరు. ఈ 1,880 పెట్టి ఈ చీర కొంటానా అని అడిగితే మనసు చాలాసార్లు వద్దనే అంటుంది. 1,200 దగ్గర ఆగి అడిగితే ఎప్పుడూ సరేనంటుంది.

చేనేత ధర పెట్టి కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే పోగులకు రంగు అద్ది నేస్తారు కనుక బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. గుడ్డ మీద అచ్చు వేసినదైతే వెనకవైపు వెలసినట్టు కనిపిస్తుంది. అచ్చు చీర కట్టకూడదని కాదు, దానికి నేత ధర ఇవ్వకూడదు. పట్టుకైతే అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ చీటీ అడగండి. గద్వాల లాంటివి ఎంత అందమైనవో అంత నాజూకు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్లు నూలే కదా అని బకెట్‌లో నానబెడితే రెండూ ఒకేలా ముడుచుకోవు. అది పండగ చీర, రోజువారీ కుప్పలో కలపకండి.

చీర తెచ్చిన రాత్రే పూర్తిగా విప్పి, రెండు చేతులతో సాచి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. లాగిన పోగు, చమురు మరక, నేతలో సన్నని గీత ఏదైనా ఉంటే అప్పుడే తేలాలి. ఫాల్ కుట్టించాక ఏ దుకాణమూ సులువుగా మాట వినదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చేసి ఉన్నా, లోపమున్న సరుకు విషయంలో ఆ మాట చెల్లదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. మొరాయిస్తే 1915కు ఫోను చేయవచ్చు. అయితే ఇది లోపానికే. "ఇంటికెళ్లాక నచ్చలేదు" అన్నదానికి చట్టం అండగా రాదు, అది దుకాణం ఇష్టం. కనుక డబ్బు కట్టకముందే మార్చుకోవడానికి ఎన్ని రోజులో అడిగి బిల్లు మీద రాయించుకోండి. మీ ఆరు చీరల బిల్లు ఇంకా ఉంటే ఈరోజే వెతకండి. గడువు మిగిలి ఉంటే మూడైనా వెనక్కి వెళతాయి.

లోపం లేదని తేలాక మరునాడే దర్జీకి ఇచ్చేయండి. ఫాల్ గుడ్డను మాత్రం ముందు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోయి, అంచు మొత్తం పీకినట్టు ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న చీర నేరుగా "ఎందుకు కట్టడం లేదు" కుప్పలోకి చేరుతుంది.

కుర్తీలకు ఇంత పని లేదు, కొలత తెలిస్తే చాలు. మీకు బాగా కుదిరిన కుర్తీని మంచం మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా టేపుతో కొలవండి. 20 అంగుళాలు వస్తే ఆ కుర్తీ ఛాతీ చుట్టుకొలత 40. భుజం, పొడవు కూడా రాసి ఫోనులో పెట్టుకోండి. ఎం, ఎల్, ఎక్స్ఎల్ అక్షరాలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు, అంగుళం మాత్రం అందరికీ అంగుళమే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కొలతల పట్టిక ఒంటి కొలత చెబుతోందా, బట్ట కొలత చెబుతోందా చూసుకోండి. చాలా తికమక అక్కడే. కింద లెగ్గింగ్, పైన చున్నీ ఇంట్లో లేని కుర్తీ కూడా జాకెట్టు లేని చీర లాంటిదే.

బీరువాలో ఇంకో ఏర్పాటు చేయండి. ఉతికి మడతపెట్టిన చీరను ఎప్పుడూ అరలో ఎడమవైపే పెడుతూ రండి. దసరా నాటికి కుడివైపు కదలకుండా మిగిలినవేవో మీ కళ్లకే కనిపిస్తాయి. ఈలోగా కొత్తది కొనాలనిపిస్తే ముందు కుడివైపు చూడండి.

ఆ రెండు నూలు చీరలకు మంగళగిరి వెళ్లండి. విజయవాడ నుంచి 12, 13 కిలోమీటర్లే. ఆ చీరల్లో ఒంటి నిండా బుటాలు ఉండవు, నేత ఒత్తుగా ఉంటుంది, సన్న జరీ అంచు తరగతి గదికి నిండుగా కనిపిస్తుంది. ఇంట్లో ఉతుక్కోవచ్చు, కాస్త గంజి పెడితే సాయంత్రం దాకా నిలుస్తాయి. తిరిగొచ్చేటప్పుడు విజయవాడలో బట్టల దుకాణాల వైపు కాకుండా నేరుగా బస్టాండుకు వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రం ఆ నాలుగు సాదా జాకెట్లలో ఒకటి సంచిలో పెట్టుకోండి, చీర మీద వేసి చూడటానికి.